మామిడి బేరములో యంత్ర దళారి

హనుమాన్ జంక్షన్ కూడలిలో మే నెలలో ఒక ఉదయము నిలబడి చూచినచో మామిడి రైతు చిక్కు ఏమిటో తెలియును. నూజివీడు వైపునుండి చిన్న రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలతో ట్రాక్టర్లు, చిన్న లారీలు దిగుచుండును. (ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టునకు పోవు సరకు వేరు, అది ఇటు రాదు.) జంక్షనులో జాతీయ రహదారి ఎక్కిన బండి విజయవాడ వైపైనను తిరుగవలెను, ఏలూరు వైపైనను తిరుగవలెను. ఎటు తిరిగినచో టన్నుకు నాలుగు రూకలు ఎక్కువ వచ్చునో ఆ క్షణమున తెలిసియుండవలెను. తెలియనిచో టీ కొట్టు దగ్గర బండి ఆపి, ఎరిగిన దళారికి ఫోను చేసి, ఆయన చెప్పిన ధరనే నమ్మి పోవలెను. కాయ కోసి గంటలు గడచుచుండును. రసాలు బండిమీదనే రంగు తిరుగుట మొదలిడును. అమ్మువానికి తొందర, కొనువానికి తీరిక. ధరలో కనిపించునది చాలవరకు ఈ తేడాయే.

ఇట్టి బేరములను మనిషికి బదులుగా కంప్యూటరు చేత ఆడించు పద్ధతి ఒకటి ఎలక్ట్రానిక్ వర్తకములో బయలుదేరినది. అట్లు బేరమాడు ప్రోగ్రామును సాఫ్ట్‌వేరు ఏజెంటు అందురు. ఈ వ్యాసములో దానిని యంత్ర దళారి అని పిలుచుకొందము. ఇది కల కాదు. 2025 అక్టోబరులో భారత జాతీయ చెల్లింపుల సంస్థ, రేజర్‌పే, ఓపెన్‌ఏఐ అను సంస్థలు కలిసి, చాట్‌జీపీటీతో మాటలాడుచునే సరకు ఎంచి యూపీఐ ద్వారా సొమ్ము చెల్లించు ప్రయోగమును ప్రకటించినవి. కిరాణా సరకులమ్ము బిగ్‌బాస్కెట్ అందులో చేరినది. కొనువాని ఇంటికి యంత్ర దళారి వచ్చినపుడు అమ్మువాని ఇంటికిని వచ్చును. నూజివీడు తోటల సరకు నేటికిని చాలవరకు మనుష్యుల చేతిమీదుగానే అమ్ముడగుచున్నది. కాబట్టి యంత్రము గుమ్మములోనికి రాకముందే దాని గుణదోషములు ఎరిగియుండుటకు మనకు కొంత వ్యవధి ఉన్నది.

సలహాదారు వేరు, దళారి వేరు

ముందుగా ఒక భేదము గమనింపవలెను. ధర చెప్పు యంత్రము వేరు, బేరము కుదుర్చు యంత్రము వేరు. దేశములోని మార్కెట్ల ధరలను ప్రకటించు అగ్‌మార్క్‌నెట్ 2000 సంవత్సరమునుండి ఉన్నది. పి.ఎమ్. కిసాన్ పథకమును గూర్చి అడిగిన ప్రశ్నలకు సమాధానమిచ్చు కిసాన్ ఈ-మిత్ర 2023లో వచ్చి, తెలుగుతో సహా పలు భాషలలో పలుకుచున్నది. ఇవి రెండును చెప్పును గాని మీ తరపున మాట ఇయ్యవు. అందుచేత ఇవి సలహాదారులే గాని దళారులు కావు.

2016 ఏప్రిలు 14న 21 మార్కెట్లతో ఆరంభమై 2020 మే నాటికి వెయ్యి మార్కెట్లకు విస్తరించిన ఈ-నామ్ (జాతీయ వ్యవసాయ మార్కెట్టు) ఇంకొక మెట్టు పైకి పోయినది. నిజామాబాదు యార్డునకు పసుపు తెచ్చిన రైతు సంగతి చూడుడు. గేటు దగ్గర అతని రాశికి ఒక నంబరు ఇత్తురు. నాణ్యత పరీక్షించి ఫలితమును కంప్యూటరులో ఎక్కింతురు. వ్యాపారులు తమ తమ ఫోనులలో ధర వేయుదురు. ఒకరి ధర మరొకరికి తెలియదు. హెచ్చు ధర ఎంతయో రైతు ఫోనునకు వచ్చును. నచ్చనిచో వద్దనుటకు అతనికి హక్కు కలదు. ఇచ్చట వేలము నడపునది కంప్యూటరు, నిర్ణయించునది మాత్రము రైతు.

ఇప్పుడు ఆ చివరి పనిని కూడ యంత్రమునకు అప్పగించితిరనుకొనుడు. “ఇంతకు తక్కువైనచో వద్దు, ఇంతకు మించినచో ఒప్పుకొనుము, రేపు సాయంత్రము లోపల తేల్చుము” అని చెప్పి మీరు తోటలో కోత చూచుకొనుచున్నారు. యంత్రము పది మార్కెట్లలోని కొనుగోలుదారులతో మాటలాడి, వారి ధరలు సరిపోల్చి, ఒకదానికి సరే అన్నది. అది దళారీ పని. దానికి మీరిచ్చినది అధికారము. ఈ అధికారము ఎంత, ఏ హద్దులలో అనునదియే ఈ వ్యాసములోని అసలు సంగతి.

యంత్రమునకు ఇయ్యవలసిన ఆజ్ఞలు

ఇట్టి యంత్రములను తొలిదినములలో తయారుచేసి చూచినవారిలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు చెందిన మీడియా ల్యాబు పరిశోధకులు ఉన్నారు. అచ్చట 1996లో ఆంథొనీ చావెజ్, ప్యాటీ మేస్ అనువారు కస్బా అను పేరుతో ఒక అంగడి కట్టిరి. అందులో అమ్మువాని యంత్రమును, కొనువాని యంత్రమును ఒకదానితో నొకటి బేరమాడుకొనును. అమ్మువాడు తన యంత్రమునకు చెప్పవలసినవి కొద్దిపాటి సంగతులే: మొదట అడుగవలసిన ధర, అంతకు దిగరాని కనిష్ఠ ధర, అమ్మకము తేలవలసిన గడువు, ఈ నడుమ ధరను ఏ వేగముతో దించవలెననునది. ఈ చివరిదానికి మూడు నడకలు పెట్టిరి. ఆతురపడువాడు ధరను దినమునకింత చొప్పున సమముగా దించును. నిదానస్థుడు మొదట కొద్దిగా దించి పిదప ఎక్కువగా దించును. ఆశపోతు చివరి గడియ దాక పట్టు విడువడు.

మన సరకుతో లెక్క వేసి చూతము. ఇవి లెక్క కొరకు వేసిన అంకెలే గాని నేటి ధరలు కావు. ఒక టన్ను చిన్న రసాలకు మొదట 40,000 రూపాయలు అడుగుమంటిరి. 28,000కు క్రిందికి దిగవద్దంటిరి. గడువు మూడు దినములు. సగము గడువు, అనగా ఒకటిన్నర దినము గడచునప్పటికి ఆతురపడు యంత్రము 34,000 దగ్గర ఉండును. నిదానపు యంత్రము 37,000 దగ్గర ఉండును. ఆశపోతు యంత్రము 38,500 దగ్గర ఉండును. మూడవ దినము సాయంత్రమునకు మూడును 28,000కే చేరును. ఏది మేలు? అది కాయను బట్టి ఉండును. కలెక్టరు కాయ గట్టిది, రసపు కర్మాగారములకు పోవునది, కొంత పట్టుపట్టవచ్చును. చిన్న రసాలకు ఆశపోతు నడక ఇచ్చినచో, యంత్రము ధర నిలుపుచుండగా కాయ మెత్తబడును. అప్పుడు మీ చేతిలో మిగులునది ధర గాదు, రసము. ఈ సంగతి యంత్రమునకు తెలియదు, మీకు తెలియును. గడువును, నడకను మీరే నిర్ణయింపవలెననుటకు కారణమిదియే.

కస్బా అంగడిని మనుష్యులచేత వాడించి చూచినపుడు ఒక వింత బయటపడినది. కనిష్ఠ ధరకు పైగా ఏదో ఒక ధర వచ్చినంతనే యంత్రము సరే అనెడిది. మరుక్షణములో అంతకన్న మంచి బేరము వచ్చునేమో అని చూచెడిది కాదు. దాని తెలివితక్కువకు యజమానులు విసుగుకొనిరి. ఆనాటికి నేటికి యంత్రముల నేర్పు ఎంతో పెరిగినది. అయినను, ఏది చాలునని చెప్పితిరో అది దొరికినంతనే పని ముగిసినదనుకొను గుణము ఏ యంత్రములోనైనను తొంగిచూచుచునే ఉండును. కాబట్టి కనిష్ఠ ధరతో పాటు “ఇంతమంది దగ్గర ధర అడుగకుండ ఒప్పుకొనవద్దు” అను ఆజ్ఞ కూడ చేర్చుట మంచిది.

ఇంకొక ఆజ్ఞ అన్నిటికంటె ముఖ్యమైనది. సరిపోల్చవలసినది పాట ధర కాదు, చేతికి వచ్చు సొమ్ము. కొన్నిచోట్ల సూటు పేరిట టన్నుకింత అని తూకములో తీసివేయు ఆచారము రైతులెరిగినదే. ఒకచోట టన్ను ధర 30,000 పలికినది. సూటు 100 కిలోలు, కమీషను నూటికి 6, కిరాయి టన్నుకు 800. సూటు పోగా 900 కిలోలకు వచ్చునది 27,000. అందులో కమీషను 1,620, కిరాయి 800 పోగా మిగిలినది 24,580. మరియొకచోట ధర 27,500 మాత్రమే. సూటు లేదు, కమీషను లేదు, దూరమెక్కువ గనుక కిరాయి 2,000. చేతికి వచ్చునది 25,500. పలికిన ధర 2,500 తక్కువైనను రైతునకు 920 రూపాయలు ఎక్కువ. ఇట్టి లెక్కను జంక్షనులో బండి ఆపుకొని నోటితో వేయుట కష్టము. యంత్రమునకు ఇది రెప్పపాటు పని. నిజము చెప్పవలెనన్న యంత్ర దళారి వలన రైతునకు కలుగు మేలులో సగము ఈ కూడికలు తీసివేతలలోనే ఉన్నది. కాని సూటు, కమీషను, కిరాయి, చెల్లింపు గడువు ఇన్నియు మీరు చెప్పినగాని అది లెక్కలోనికి తీసికొనదు.

అది ఎవరి దళారి?

పశువుల సంతలలో తువ్వాలు క్రింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కి బేరమాడుట పెద్దలకు తెలియును. చుట్టునున్నవారికి ధర తెలియకుండుటకే ఆ తువ్వాలు. మీ యంత్రమునకు మీరు చెప్పు కనిష్ఠ ధరయును అట్టి రహస్యమే. 28,000 దాక దిగుదురని కొనువానికి తెలిసినచో 28,001కి పైన ఎందులకు పోవును?

ఇప్పుడు ఆలోచింపుడు. మీరు వాడు యంత్రమును నడపు సంస్థ మీవద్ద రుసుము తీసికొనుచున్నదా, కొనువానివద్ద తీసికొనుచున్నదా, ఇద్దరివద్దనా? లేక ఆ సంస్థయే కాయలు కొనుచున్నదా? ఉచితముగా ఇచ్చుచున్నామని చెప్పినచో మరింత శ్రద్ధగా అడుగవలెను. ఆ సంస్థ చెడ్డదని కాదు. ఇద్దరి తరపున ఒక్కడే తువ్వాలు పట్టుకొనినపుడు, వేళ్ళు ఎవరికి కనిపించుచున్నవో అడిగి తెలిసికొనుట రైతు హక్కు.

మనిషి దళారి విషయములో చట్టము కొంత రక్షణ కల్పించినది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 182వ సెక్షను ప్రకారము ఏజెంటనగా మరియొకరి తరపున పనిచేయుటకు నియమితుడైన మనిషి. అడిగినపుడు లెక్కలు చూపవలెనని 213వ సెక్షను చెప్పుచున్నది. యజమానికి తెలుపకుండ తన సొంతానికి బేరము చేసికొన్నచో ఆ లాభమును యజమాని రాబట్టుకొనవచ్చునని 216వ సెక్షను చెప్పుచున్నది. యంత్రము మనిషి కాదు. ఈ బాధ్యతలేవియు దానిమీద నేరుగా పడవు. మీకును దానిని నడపు సంస్థకును నడుమ కుదిరిన ఒప్పందములో ఏమున్నదో అదియే ఆధారము. అట్టి ఒప్పందమును చదువకుండనే “అంగీకరించితిని” అను గుర్తుపై వ్రేలు నొక్కుట మనకందరకు అలవాటైనది. ఈ వ్యాసకర్తయు అందుకు మినహాయింపు కాదు. ఇచ్చట మాత్రము ఆ అలవాటు మానుకొనవలెను.

ఇందుకు ఎదురుగా, మీ మీద పడు బాధ్యత మాత్రము గట్టిది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 11వ సెక్షను ప్రకారము, మీరుగాని మీ తరపున మరియొకరుగాని ఏర్పాటుచేసిన యంత్రము తనంతట తాను పంపిన సందేశము మీరు పంపినదిగానే ఎంచబడును. అదే చట్టములోని 10-ఏ సెక్షను, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినదను ఒక్క కారణముతో ఒప్పందమును త్రోసివేయరాదనుచున్నది. “ఒప్పుకొన్నది నేను కాదు, నా ఫోను” అని రైతు చెప్పినచో ఆ వాదము నిలుచుట కష్టము. గ్రామాధికారుల వద్దకు ఇట్టి తగవులు వచ్చునపుడు ఈ రెండు సెక్షనులు జ్ఞాపకముంచుకొనుట మేలు.

యంత్రములు దారితప్పిన రెండు సందర్భములు

2011 ఏప్రిలులో అమెజాన్ అంగడిలో ఈగల పెరుగుదలను గూర్చిన ఒక శాస్త్రగ్రంథము ధర 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటినది. పుస్తకములో బంగారమేమియు లేదు. ఇద్దరు అమ్మకపుదారులు ధరను యంత్రములకు విడిచిపెట్టిరి. ఒకని యంత్రము ప్రతిదినము రెండవవాని ధరకు 0.9983 రెట్లు వేయుచుండెను. రెండవవాని యంత్రము మొదటివాని ధరకు 1.270589 రెట్లు వేయుచుండెను. ఒక చుట్టు తిరిగినపుడెల్ల ధర నూటికి 27 చొప్పున పెరుగుచు, మూడు చుట్లకు రెండింతలగుచు వచ్చెను. మైఖేల్ ఐసెన్ అను జీవశాస్త్రజ్ఞుడు దీనిని కనిపెట్టి లోకమునకు తెలిపెను. నవ్వు పుట్టించు సంగతియే. కాని ఇదే నడక క్రిందికి జరిగినదనుకొనుడు. నున్నలో ఒకరి యంత్రము ప్రక్కవానికన్న వంద తక్కువ అడుగుమను ఆజ్ఞతో ఉన్నది. ప్రక్కవాని యంత్రమునకును అదే ఆజ్ఞ. మధ్యాహ్నమునకు ఇద్దరి కాయలును కోత కూలికి కూడ చాలని ధరకు దిగిపోవును. ప్రక్కవాని ధరకు ముడిపెట్టి మీ ధర నిర్ణయింపవద్దు. కనిష్ఠ ధరను మాత్రము అంకెతో, ఏ షరతులు లేకుండ ఇయ్యవలెను.

రెండవది 2015లో అమెరికా న్యాయశాఖ నడపిన కేసు. గోడలకు తగిలించు చిత్రపటములను అమెజానులో అమ్మువారు కుమ్మక్కై, ధరలు పడిపోకుండ తమ యంత్రములకు ఒకే సూత్రము వ్రాసిపెట్టుకొనిరి. పాట పాడువారు ముందుగా కూడబలుకుకొని ధర తగ్గించుట మార్కెట్టులో రైతులు ఎరుగని విద్య కాదు. యంత్రములు కూడ ఆ పని చేయగలవని, అది కూడ నేరమేయని ఆ కేసువలన తెలిసినది.

కాయను గూర్చి దానికేమి తెలియును?

యంత్ర దళారి కాయను ముట్టుకొనదు, వాసన చూడదు. మీరు వ్రాసినదియు, మీరు పంపిన ఫొటోయు దానికి ఆధారము. టెంక పురుగు గాని పండు ఈగ గాని లోపల ఉన్నచో పైన ఫొటోకు కనిపింపకపోవచ్చును. ముదురు కాయ నీటిలో మునుగును, లేత కాయ తేలును. ఈ పరీక్ష బకెటుతో జరుగునది, కెమేరాతో జరుగదు. కాయ నాణ్యత చెప్పినట్లు లేనిచో సరకు చేరినచోట ధర కోయుదురు, లేదా త్రిప్పి పంపుదురు. ఏడువందల కిలోమీటర్ల దూరమునుండి తిరిగివచ్చు మామిడిపండ్లకు ధర ఏమి వచ్చును?

తెలంగాణములో ఖమ్మము జిల్లాలో సుమారు 7,000 మంది మిరప రైతులతో 2022లో మొదలైన సాగుబాగు ప్రయోగము ఈ విషయములో గమనింపదగినది. అందులో ఫోనుద్వారా సలహాలు, నేల పరీక్ష, యంత్రముతో మిరపకాయ నాణ్యత చూచుట, కొనువారిని అమ్మువారిని కలుపుట అను నాలుగు పనులను జతపరచిరి. ఇందులో వరుసను చూడవలెను. ముందు నాణ్యత తేలవలెను, పిదప బేరము. మిరప ఎండు సరకు, నిలువ ఉండును. మామిడికి అంత వ్యవధి లేదు గనుక ఆ పని తోటలోనే ముగియవలెను. తొడిమతో కోసి, సొన కాయపై కారకుండ చూచి, పరిమాణమును బట్టి వేరుచేసి, ఒక్కొక్క రకమును వేరు రాశిగా ఎక్కింపవలెను. మూడు గ్రేడులు కలిపిన రాశికి ఎంత తెలివిగల యంత్రమైనను మూడవ గ్రేడు ధరయే తెచ్చును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. పూత మీదనే తోటను గుత్తకిచ్చి బయానా తీసికొన్నవారికి, మందులకు ఎరువులకు అప్పిచ్చిన దళారికే కాయ తోలుదుమని మాట ఇచ్చినవారికి యంత్ర దళారి వలన పెద్ద మేలు లేదు. అమ్ముటకు స్వేచ్ఛ ఉన్నవానికే అది పనికివచ్చును. 2025లో చిత్తూరు ప్రాంతములో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వము కలిపి 12 రూపాయలు దక్కునట్లు ఏర్పాటు చేయవలసి వచ్చినది. కొనువాడే లేనినాడు ఎన్ని యంత్రములు బేరమాడినను ధర పుట్టదు. ఈ రెండు చిక్కులకు మందు వేరేచోట వెదకవలెను.

మొదలుపెట్టువారికి

ఒక్కొక్క రైతు వేరువేరుగా పోవుటకన్న రైతు ఉత్పత్తిదారుల సంస్థ ద్వారా పోవుట మేలు. ఒక బండి సరకుకు దూరపు కొనుగోలుదారుడు తిరిగి చూడడు. ఇరువది బండ్లకు చూచును. కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహముతో 2021 డిసెంబరు 31న ఏర్పడిన ఓ.ఎన్.డి.సి. అను డిజిటల్ వర్తక వ్యవస్థలో ఇట్టి సంస్థలు అనేకము చేరియున్నవి. అందులో కొనువాని యాప్ వేరు, అమ్మువాని యాప్ వేరుగా ఉండుట ఒక సుగుణము. ఎవరి తరపున ఎవరున్నారో కొంతవరకైనను తెలియుచుండును.

మొదటి ఏడు పంటనంతను యంత్రమునకు అప్పగింపవద్దు. ఒక బండి సరకుతో పరీక్షింపుడు. అది ధర తెచ్చిన పిదప చివరి “సరే” మీరే చెప్పునట్లు ఏర్పరచుకొనుడు. చాల యాప్‌లలో అట్టి వీలుండును. లేనిదానిని వాడవద్దు. యూపీఐ రహస్య సంఖ్యను యంత్రమునకు గాని, దాని పేరు చెప్పి ఫోను చేసిన మనిషికి గాని ఇయ్యవద్దు. సొమ్ము పంపుటకు ఆ సంఖ్య కావలెను గాని, రావలసిన సొమ్ము పుచ్చుకొనుటకు అక్కరలేదు. “మీకు డబ్బు పంపుచున్నాము, సంఖ్య నొక్కుడు” అన్నవాడు మోసగాడే.

బేరము కుదిరిన ప్రతిసారి యంత్రము ఎవరెవరిని ధర అడిగినది, ఎవరెంత చెప్పినది, ఏ కారణమున ఒకరిని ఎంచినది అను లెక్కను ఫోనులో దాచుకొనుడు, వీలైనచో కాగితముపై తీయించుకొనుడు. మొదటి బండికి వచ్చిన తక్‌పట్టీని ఆ లెక్క ప్రక్కన పెట్టి తూకము, సూటు, కమీషను, కిరాయి ఒక్కొక్క వరుసగా సరిచూడుడు. తేడా కనిపించినచో ఆ రెండు కాగితములతో మీ గ్రామ రైతు సేవా కేంద్రములోని ఉద్యాన సహాయకుని కలిసికొని, రెండవ బండి తోలకముందే సంగతి తేల్చుకొనుడు.